ఫాంటసీ ఆర్‌పీజీ నిరాశపరిస్తే: వెనక్కివ్వాలా, సరిచేసుకోవాలా, వదిలేయాలా?

పెద్ద ఫాంటసీ ఆర్‌పీజీ (ఒక పాత్రగా మారి ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్) కొని పది గంటలు ఆడాక "ఇంతేనా?" అనిపిస్తే ముందున్న దారులు చాలానే. రీఫండ్ అడగొచ్చు, డిఫికల్టీ మార్చొచ్చు, క్యారెక్టర్‌ని కొత్తగా మలుచుకోవచ్చు, మాడ్లు (ఆటగాళ్లు తయారుచేసి పంచే మార్పులు) వేయొచ్చు, సైడ్ క్వెస్టులు (అసలు కథకి పక్కన ఇచ్చే పనులు) వదిలేసి అసలు కథ పట్టుకోవచ్చు, ప్యాచ్‌లు (కంపెనీ ఇచ్చే సవరణలు) వచ్చేదాకా ఆగొచ్చు, పూర్తిగా వదిలేసి ఇంకో గేమ్‌కి పోవచ్చు. ఎక్కువమంది తప్పు దారి పట్టడానికి కారణం ఒకటే. గేమ్ బాగోలేదని తేల్చుకుంటారు గానీ అందులో ఏది బాగోలేదో తేల్చుకోరు. కథ నచ్చనివాళ్లు కొత్త క్యారెక్టర్‌తో మళ్లీ మొదలుపెడతారు, మళ్లీ అదే కథ ఎదురవుతుంది. యుద్ధాలతో విసిగినవాళ్లు గ్రాఫిక్స్ మాడ్లు వేస్తారు. సైడ్ క్వెస్టుల్లో ఊపిరాడనివాళ్లు డిఫికల్టీ తగ్గిస్తారు.

కాబట్టి ముందు చిన్న పరీక్ష. ఒక గంట మామూలుగా ఆడండి. ఆ అరవై నిమిషాల్లో యుద్ధానికి ఎంత పోయింది, నడకకి ఎంత, మాటలకి ఎంత, సామాన్లు సర్దుకోవడానికి ఎంత, లోడింగ్‌కి ఎంత అన్నది కాగితం మీద సుమారుగా వేసుకోండి. ఏ పని దగ్గర చెయ్యి ఫోన్ మీదకి పోయిందో గుర్తుపెట్టుకోండి. జబ్బు అక్కడే ఉంది. కంప్యూటర్ మీద గేమ్ సరిగ్గా నడవకపోవడం, యుద్ధంలో లెక్కలు కుదరకపోవడం, కథ కదలకపోవడం, ఈ మూడింటికీ మందు ఉంది. రాత, పాత్రలు, లోకమే మనకు పట్టకపోతే మాత్రం మందు లేదు. ఆ సంగతి ఎంత తొందరగా ఒప్పుకుంటే అంత సమయం మిగులుతుంది.

రీఫండ్: గడియారం ఎలా నడుస్తుంది

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ స్టోర్‌లో రీఫండ్‌కి రెండు హద్దులున్నాయి. కొని 14 రోజులు దాటకూడదు, ఆడిన సమయం 2 గంటల లోపు ఉండాలి. ఎపిక్ స్టోర్‌లోనూ ఇవే హద్దులు. జీఓజీ స్టోర్ చాలా ఉదారం: కొన్న 30 రోజుల దాకా, గేమ్ దించుకుని ఆడినా సరే, వెనక్కి అడగొచ్చు. ప్లేస్టేషన్ స్టోర్‌లో 14 రోజుల గడువున్నా, డౌన్‌లోడ్ మొదలుపెట్టాక గేమ్‌లో లోపం ఉంటే తప్ప ఆ వీలు పోతుంది. ఒకే గేమ్ రెండు స్టోర్లలో ఒకే ధరకి దొరుకుతూ, నచ్చుతుందో లేదో అనుమానంగా ఉంటే, పొడవైన ఆర్‌పీజీని జీఓజీలో కొనడం మేలు. ఇలాంటి గేమ్‌ని రెండు గంటల్లో అంచనా వేయడం నిజంగా కష్టం.

ఆ రెండు గంటలు ఎటు పోతాయో చూడండి. క్యారెక్టర్ ముఖం దిద్దడానికి నలభై నిమిషాలు. మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (వెలుగు నీడల్ని గీసే చిన్న ప్రోగ్రాములు) సిద్ధమయ్యే తెర ముందు కొన్ని నిమిషాలు. గేమ్ ప్రోగ్రామ్ తెరిచి ఉన్నంతసేపూ లెక్కే కాబట్టి, పాజ్ చేసి భోజనానికి లేస్తే అదీ కలుస్తుంది. విడుదల తేదీకి ముందే ఆడనిచ్చే ముందస్తు యాక్సెస్‌లో ఆడిన సమయాన్ని కూడా స్టీమ్ 2024 నుంచి లెక్కలోకి తీసుకుంటోంది. అందుకే మొదటి విడతలో గేమ్ ఇచ్చిన రెడీమేడ్ క్యారెక్టర్‌తోనే మొదలుపెట్టండి. గ్రాఫిక్స్ ఒకసారి సరిచేసుకుని, ప్రోలోగ్ (కథ తొలి ఘట్టం) దాటి మొదటి ఊరికీ, నలుగురైదుగురు శత్రువులుండే మొదటి అసలైన యుద్ధానికీ చేరుకోండి. ప్రోలోగ్‌ని నమ్ముకోవద్దు, అది ప్రత్యేకంగా చెక్కినది. గేమ్ అసలు తీరు మొదటి ఊళ్లో, మొదటి సైడ్ క్వెస్టులో బయటపడుతుంది. ఉంచుకోవాలని తేలాక నచ్చిన ముఖంతో తీరిగ్గా కొత్తగా మొదలుపెట్టొచ్చు.

రెండు గంటలు దాటినా అడగడంలో తప్పులేదు. స్టీమ్ అలాంటి విన్నపాలనూ చూస్తుంది, కానీ ఇస్తుందన్న హామీ లేదు. కొన్న మర్నాడే సేల్ వచ్చిందా? వెనక్కిచ్చి సేల్ ధరకి మళ్లీ కొనుక్కోవడాన్ని దుర్వినియోగంగా పరిగణించబోమని స్టీమ్ నిబంధనల్లోనే ఉంది.

మీ మెషిన్ మీద గేమ్ సరిగా నడవకపోతే, గడువు ఉన్నంతవరకూ రీఫండే సరైన ఎంపిక. ఆరు నెలల తర్వాత అదే గేమ్ బాగుపడి, తక్కువ ధరకి దొరికే అవకాశం ఎక్కువ. అదే యుద్ధం కష్టంగా ఉందన్న ఒక్క కారణానికైతే తొందరపడకండి.

మెషిన్ వల్ల వచ్చే నిరాశ

ఫ్రేమ్ రేట్ (తెర మీద సెకనుకి ఎన్ని చిత్రాలు మారతాయన్న అంకె) ఒడిదుడుకులు ఆటగాడి ఓపికని తెలియకుండానే తినేస్తాయి. "కథ బోరు" అనిపించిన చోట అసలు దోషం గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఉండొచ్చు. రద్దీగా ఉండే ఊళ్లో ఒక చోట నిలబడి ఫ్రేమ్ రేట్ చూడండి. తర్వాత రిజల్యూషన్‌ని బాగా, 1440 నుంచి 720కి, తగ్గించి అక్కడే మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డు మీద ఉంది, సెట్టింగ్స్ తగ్గిస్తే ఫలితం కనిపిస్తుంది. అంకె కదలకపోతే భారం ప్రాసెసర్ మీద ఉంది. అప్పుడు టెక్స్చర్లు ఎంత తగ్గించినా లాభం లేదు. జనసాంద్రత, నీడల దూరం, వస్తువులు కనిపించే దూరం, వీటిని తగ్గించాలి. 2024 మార్చిలో వచ్చిన డ్రాగన్స్ డాగ్మా 2 దీనికి మంచి ఉదాహరణ. ఊళ్లలో తిరిగే ఒక్కో మనిషినీ ప్రాసెసర్ లెక్కగట్టాల్సి రావడంతో, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డున్నవాళ్లకి కూడా నగరంలో ఫ్రేమ్ రేట్ పడిపోయింది.

అంకె 38కీ 52కీ మధ్య ఊగుతుంటే లాక్ చేసేయండి. 60 హెర్ట్జ్ మానిటర్ మీద 30కి, 120 హెర్ట్జ్ ఉంటే 40కి. 40 అంటే ఒక్కో ఫ్రేమ్ సరిగ్గా మూడు రిఫ్రెష్‌ల పాటు నిలుస్తుంది, అందుకే ఊగే 50 కంటే నిలకడైన 40 కంటికి హాయి. కొత్త చోట మొదటిసారి మాత్రమే కుదుపు వస్తే అది షేడర్ల పని, రెండోసారి పోతుంది. వచ్చిన ప్రతిసారీ అదే మలుపులో కుదుపు ఉంటే, గేమ్ ఆ ప్రాంతాన్ని డిస్క్ నుంచి ఎక్కించుకుంటోందన్నమాట. హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారిస్తే కొంత తగ్గుతుంది. గేమ్ ఇంజిన్‌దే లోపమైతే ప్యాచ్ రావాల్సిందే.

పాత గేమ్‌ల బాధలు వేరు. స్కైరిమ్‌లో ఫిజిక్స్ ఫ్రేమ్ రేట్‌కి ముడిపడి ఉంటుంది. 60 దాటితే గదిలోకి అడుగుపెట్టగానే పళ్లేలు, గిన్నెలు ఎగిరిపడతాయి, కాబట్టి 60కి లాక్ చేయాలి. 2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ 32 బిట్ గేమ్. ఎక్కువసేపు ఆడేకొద్దీ మెమరీ నిండి లోడింగ్ సాగుతుంది, చివరికి క్రాష్ అవుతుంది. గేమ్ ఫైలుకి 4 జీబీ ప్యాచ్ వేసి, రెండు గంటలకోసారి సేవ్ చేసి మూసి తెరిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

యుద్ధం విసిగిస్తుంటే: డిఫికల్టీయా, రెస్పెక్కా, రీస్టార్టా?

ఇక్కడే ఎక్కువమంది గేమ్‌ని అన్యాయంగా వదిలేస్తారు. ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పుకోండి. వేసిన దెబ్బలు తగలట్లేదా? తగిలినా శత్రువు పడట్లేదా? మీరే రెండు దెబ్బలకి పడిపోతున్నారా? మూడూ "కష్టంగా ఉంది" అనే అనిపిస్తాయి, కానీ మూడింటికీ మందు వేరు.

దెబ్బ తగలకపోవడం సంగతి చూద్దాం. పాత్‌ఫైండర్ గేమ్‌లు (కింగ్‌మేకర్, రాత్ ఆఫ్ ద రైటియస్) 20 ముఖాల పాచిక మీద నడుస్తాయి. పాచిక అంకెకి మీ అటాక్ బోనస్ కలిపితే శత్రువు రక్షణ అంకె అయిన ఆర్మర్ క్లాస్‌కి సమానమో, ఎక్కువో కావాలి. శత్రువుది 30, మీ బోనస్ 8 అనుకుంటే, పాచిక మీద 22 పడాలి. అది లేదు కాబట్టి సహజంగా 20 పడితేనే తగులుతుంది, అంటే నూటికి 5. ఇప్పుడు హీరోయిజం మంత్రంతో 2, హేస్ట్‌తో 1, ఇద్దరు కలిసి ఒకే శత్రువుని చుట్టుముడితే వచ్చే ఫ్లాంకింగ్‌తో 2 కలపండి. బోనస్ 13 అయింది, 17 పడితే చాలు. అవకాశం 20 శాతానికి, అంటే నాలుగింతలకి పెరిగింది. లెవెల్ మారలేదు, కత్తి మారలేదు. ఒకే రకం బోనస్‌లు సాధారణంగా కలవవన్నది ఇక్కడ మర్చిపోకూడదు. బ్లెస్ ఇచ్చే 1, హీరోయిజం ఇచ్చే 2 రెండూ మొరేల్ రకమే కాబట్టి రెండూ వేసినా దక్కేది 2. మంత్రాలన్నీ వేసినా ఉపయోగం లేదనేవాళ్ల బాధకి మూలం తరచూ ఇదే.

ఈ గేమ్‌ల డిఫికల్టీ మెనూలో శత్రువుల నుంచి వచ్చే డ్యామేజ్ వేరే స్లైడర్, శత్రువుల స్టాట్స్ వేరే స్లైడర్. వేసిన దెబ్బలు తగలక ఇబ్బందిపడేవాళ్లు డ్యామేజ్ తగ్గిస్తే చావు తప్పుతుంది గానీ యుద్ధం ఇంకా సాగుతుంది. వాళ్లు తగ్గించాల్సింది స్టాట్స్. రెండు దెబ్బలకే పడిపోయేవాళ్లు తగ్గించాల్సింది డ్యామేజ్, శత్రువుల క్రిటికల్ హిట్స్. ప్రీసెట్ పేరు మార్చి ఊరుకోకుండా ఈ స్లైడర్లను విడివిడిగా చూసుకుంటే గేమ్ రుచి పోకుండా భారం తగ్గుతుంది.

కొన్ని యుద్ధాలకి అంకెలతో పనిలేదు, తెలియాల్సిన విషయం ఒకటుంటుంది. కింగ్‌మేకర్ మొదట్లోనే ఫాంగ్‌బెర్రీ గుహలో సాలీళ్ల గుంపు ఎదురవుతుంది. ఇలాంటి గుంపుల మీద కత్తులు, బాణాలు పనిచేయవు. సీసాలో వచ్చే ఆల్కెమిస్ట్ ఫైర్, యాసిడ్ విసరాలి, లేదా బర్నింగ్ హ్యాండ్స్‌లా ఒక ప్రాంతమంతా తాకే మంత్రం వేయాలి. ఒలెగ్ దుకాణం దగ్గర ఒక్కొక్కరికీ రెండు మూడు సీసాలు కొనిపెట్టుకుంటే, ఎంతోమంది గేమ్ మూసేసిన చోటు ఒక నిమిషంలో దాటిపోతారు.

తగిలినా శత్రువు పడకపోవడం స్కైరిమ్‌లో బాగా తెలుస్తుంది. అక్కడ డిఫికల్టీ అంటే గుణకాలే. అడెప్ట్‌లో మీరు ఇచ్చే డ్యామేజ్, తీసుకునే డ్యామేజ్ రెండూ 1. ఎక్స్‌పర్ట్‌లో 0.75, 1.5. మాస్టర్‌లో 0.5, 2. లెజెండరీలో 0.25, 3. అంటే లెజెండరీలో ప్రతి బందిపోటునీ నాలుగింతలు ఎక్కువసేపు కొట్టాలి, వాడు మాత్రం కొత్తగా ఏమీ చేయడు. "గేమ్ మరీ సులువు, అందుకే బోరు" అనుకునేవాళ్లు డిఫికల్టీ పెంచితే బోరు పెరుగుతుంది. వాళ్లకి కావాల్సింది శత్రువుల ప్రవర్తన మార్చే మాడ్, లేదా పూర్తిగా వేరే ఆటతీరు. విల్లు వదిలి ఇల్యూజన్ మంత్రాలు పట్టుకుంటే అదే గుహ ఇంకోలా కనిపిస్తుంది.

2006 నాటి ఒబ్లివియన్‌ది మరో విచిత్రం. మేజర్ స్కిల్స్‌లో (మొదట్లో మీరు ఎంచుకున్న ముఖ్య నైపుణ్యాల్లో) మొత్తం పది పెరుగుదలలు వచ్చి, నిద్రపోతే లెవెల్ పెరుగుతుంది. లోకంలోని శత్రువులూ మీతోపాటే పెరుగుతారు. అథ్లెటిక్స్, ఆక్రోబాటిక్స్, మర్కంటైల్ లాంటివి మేజర్‌గా పెట్టుకుంటే పరుగెత్తినా, గెంతినా, బేరమాడినా లెవెల్ పెరుగుతుంది, కత్తి పట్టే నేర్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇరవయ్యో లెవెల్ వచ్చేసరికి ప్రతి శత్రువూ గోడలా నిలబడతాడు. మెరుగైన పద్ధతి ఏమిటంటే, తరచూ వాడే స్కిల్స్ కొన్నిటిని మైనర్‌లో ఉంచి లెవెల్ ఎప్పుడు పెరగాలో మీ చేతిలో పెట్టుకోవడం, లెవెల్ మధ్యలో ఒక అట్రిబ్యూట్‌కి (బలం, వేగం లాంటి మూల లక్షణానికి) చెందిన స్కిల్స్‌ని పదిసార్లు పెంచి పూర్తి 5 బోనస్ తీసుకోవడం. ఇంత లెక్క వద్దనుకుంటే డిఫికల్టీ స్లైడర్‌ని మధ్యనుంచి కొంచెం ఎడమకి జరిపితే చాలు, అది ఆట మధ్యలో ఎప్పుడైనా జరుగుతుంది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన రీమాస్టర్ ఈ పద్ధతిని మార్చి, లెవెల్‌కి 12 పాయింట్లు ఇచ్చి మూడు అట్రిబ్యూట్లలో పంచుకోమంది. లెవెలింగ్ ఒక్కటే మిమ్మల్ని ఆపిందంటే రీమాస్టరే ఎంచుకోండి. రీమాస్టర్‌లో అడవుల్లో వచ్చే కుదుపులు భరించలేనివాళ్లు మాత్రం పాత గేమ్‌కి మాడ్లు వేసుకోవడం నయం.

బిల్డ్ (క్యారెక్టర్‌కి ఎంచుకున్న శక్తుల కూర్పు) తప్పైతే రెస్పెక్ (ఆ ఎంపికల్ని మార్చుకునే వీలు) ఉందో లేదో చూసుకోవాలి. బాల్డర్స్ గేట్ 3లో విదర్స్ 100 గోల్డ్‌కి క్లాస్‌తో సహా దాదాపు అన్నీ మార్చేస్తాడు. మొదట్లో తీరం దగ్గరి శిథిలాల కింద సమాధిలో ఉంటాడు, అక్కడ కలవకపోయినా తర్వాత క్యాంప్‌కి తానే వస్తాడు. రాత్ ఆఫ్ ద రైటియస్‌లో ఆ పని హిలోర్‌ది. డివినిటీ: ఒరిజినల్ సిన్ 2లో రెస్పెక్ చేసే అద్దం ఓడ మీద ఉంటుంది, అంటే ఫోర్ట్ జాయ్ దాటాలి. ఆ గేమ్‌లో చాలామంది పార్టీ తడబడేది ఫోర్ట్ జాయ్‌లోనే. శత్రువుకి ఫిజికల్ ఆర్మర్, మ్యాజిక్ ఆర్మర్ విడివిడిగా ఉంటాయి. ఇద్దరు ఒకదాన్ని, ఇద్దరు మరోదాన్ని కొడుతుంటే ఏదీ త్వరగా తరగదు, పడగొట్టే స్కిల్స్ పనిచేయవు. నలుగురిలో ముగ్గురినైనా ఒకే వైపు తిప్పితే అదే యుద్ధం సగం టర్నుల్లో ముగుస్తుంది.

రెస్పెక్ ఉన్న గేమ్‌లో రీస్టార్ట్ చేయడానికి దాదాపు కారణమే లేదు. రెస్పెక్ లేకపోతే, పది గంటల లోపు ఆడి ఉంటే రీస్టార్ట్ చేయండి. అంతకు మించితే డిఫికల్టీ ఒక మెట్టు తగ్గించి ముందుకే పోండి. రెండోసారి అదే ప్రోలోగ్ తొక్కడంలో చచ్చిన ఆసక్తి మళ్లీ లేవదు.

రియల్ టైమ్ యుద్ధంలో ఏం జరుగుతోందో అర్థం కాక విసుగొస్తే వంతులవారీగా ఆడే టర్న్ బేస్డ్ మోడ్ చూడండి. కింగ్‌మేకర్‌కి అది 2020లో అప్‌డేట్‌గా వచ్చింది, రాత్ ఆఫ్ ద రైటియస్‌లో మొదటినుంచీ ఉంది. రెండింట్లోనూ ఒక కీ నొక్కి ఎప్పుడైనా మారొచ్చు. చిల్లర శత్రువుల్ని రియల్ టైమ్‌లో, బాస్‌ని టర్న్ బేస్డ్‌లో ఆడటం ఉత్తమం. అన్నీ టర్న్ బేస్డ్‌లో ఆడితే వంద గంటల గేమ్ ఇంకా ఎంతో సాగుతుంది. పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ 2కి ఆ మోడ్ 2019లో చేరింది, దాన్ని కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడే ఎంచుకోవాలి.

కథ కదలకపోతే

డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్ 2014 నవంబర్‌లో వచ్చింది. దాన్ని మధ్యలో వదిలేసినవాళ్లలో చాలామంది వదిలేసింది హింటర్‌లాండ్స్‌లోనే. అది మొదటి ప్రాంతం, చాలా పెద్దది, చిన్న పనులతో నిండినది, కొన్ని చీలికల దగ్గర ఆ లెవెల్‌కి అందని శత్రువులు. అన్నీ పూర్తిచేసి వెళ్లాలనుకోవడమే పొరపాటు. మదర్ జిసెల్‌ని కలిసి, వార్ టేబుల్ (తర్వాతి పనులు ఎంచుకునే మ్యాప్ బల్ల) మీద తర్వాతి పనికి సరిపడా పవర్ పాయింట్లు రాగానే అక్కడినుంచి బయలుదేరండి. ఆ ప్రాంతం ఎక్కడికీ పోదు, తర్వాత తిరిగి రావచ్చు. కథ నిజంగా ఊపందుకునేది హేవెన్ మీద దాడి తర్వాత, స్కైహోల్డ్ చేరుకున్నాక. అక్కడ కూడా పట్టకపోతే ఇక పట్టదు.

పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ మొదటి భాగంలో బంగారు రంగు పేరుపలక ఉన్న మనుషులు ఊరూరా నిలబడి ఉంటారు. వాళ్లవి గేమ్‌కి ముందే డబ్బిచ్చి మద్దతిచ్చినవాళ్ల పాత్రలు, అసలు కథతో సంబంధం లేనివి. ప్రతి ఒక్కరి ఆత్మలోకీ తొంగిచూసి పేజీలు చదివి అలసిపోయినవాళ్లు ఆ రాతే ఇంత బరువనుకుంటారు. వాళ్లని పూర్తిగా వదిలేయండి, గేమ్ రాత ఎంత బాగుందో అప్పుడు తెలుస్తుంది.

ఏ గేమ్‌లోనైనా సైడ్ క్వెస్టుల్ని జల్లెడ పట్టడం సులువే. పార్టీలోని తోడు పాత్రలు ఇచ్చినవి తప్పక చేయాలి. పేరున్న మనిషి ఎదురుపడి మాట్లాడి ఇచ్చినవి ఇష్టాన్ని బట్టి. నోటీస్ బోర్డు, దారిలో దొరికిన చీటీ, "ఐదు తోళ్లు తెచ్చివ్వు" లాంటి లెక్కల పనులు వదిలేయాలి. ఇలా వదిలితే లెవెల్ కొంత వెనకబడుతుంది, అందుకు డిఫికల్టీ ఒక మెట్టు తగ్గించుకుంటే సరిపోతుంది.

కింగ్‌మేకర్‌లో రాజ్యపాలన నచ్చకపోతే ఆటోకి పెట్టొచ్చు. ఒకసారి ఆటోకి మార్చాక ఆ ఆటలో వెనక్కి తేలేరు, కాబట్టి ముందు పాలనా డిఫికల్టీని అట్టడుగుకి తగ్గించి కొన్నాళ్లు చూడండి. మొదటి అధ్యాయంలో స్టాగ్ లార్డ్‌ని ఓడించడానికి 90 రోజుల గడువుంటుంది. అది చూసి గాభరాపడి మ్యాప్ చూడకుండా పరుగెత్తాల్సిన పనిలేదు, కానీ ప్రతి పోరాటం తర్వాతా విశ్రాంతి తీసుకుంటే మాత్రం రోజులు కరిగిపోతాయి.

మాడ్లు ఎప్పుడు, ఎన్ని

మాడ్లు మూడు విషయాల్లో నిజంగా కాపాడతాయి: బగ్‌లు, విసుగుపుట్టించే చిల్లర పనులు, యుద్ధపు లెక్కలు. 2003 నాటి టెంపుల్ ఆఫ్ ఎలిమెంటల్ ఈవిల్‌ని సర్కిల్ ఆఫ్ ఎయిట్ మాడ్ లేకుండా, 2006 నాటి గోథిక్ 3ని కమ్యూనిటీ ప్యాచ్ లేకుండా మొదలుపెట్టవద్దు. డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో మాంత్రికుల గోపురం మధ్యలో వచ్చే ఫేడ్ (కలల లోకం) భాగం రెండోసారి ఆడేవాళ్లకి పెద్ద శిక్ష, దాన్ని దాటించే మాడ్ ఉంది. అదే డ్రాగన్ ఏజ్ 2లో ఒకే గుహ, ఒకే గిడ్డంగి మళ్లీ మళ్లీ వస్తాయి. దానికి ఏ మాడూ పూర్తి పరిష్కారం ఇవ్వదు. అక్కడ తోడు పాత్రల మాటలు, కిర్క్‌వాల్ రాజకీయం నచ్చితే గుహల్ని భరించి ఆడాలి, నచ్చకపోతే ఆపేయాలి.

వేసే క్రమం ముఖ్యం. ముందు మాడ్లు లేకుండా గేమ్‌ని ఒకసారి తెరిచి మూయండి, సెట్టింగ్స్ ఫైళ్లు అప్పుడే తయారవుతాయి. తర్వాత బగ్ ప్యాచ్ ఒక్కటే వేసి పది నిమిషాలు ఆడండి. ఆ తర్వాత ఇన్వెంటరీ, మెనూ, మ్యాప్ లాంటి సౌకర్యాలు. యుద్ధాన్ని మార్చేది ఒకే ఒక్కటి. ఇద్దరు వేర్వేరు మనుషులు రాసిన బ్యాలెన్స్ మాడ్లు ఒకే అంకెని రెండు వైపులా లాగుతాయి. స్కైరిమ్ లాంటి వాటికి మాడ్ ఆర్గనైజర్ 2 వాడితే మాడ్ ఫైళ్లు గేమ్ ఫోల్డర్‌లో కలవవు, ఏది తేడా చేసినా టిక్ తీసేస్తే సరి. స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్‌లో మామూలు ప్లగిన్లకి (మాడ్‌ని గేమ్‌కి కలిపే ఫైళ్లకి) పైహద్దు దాదాపు 255, తేలిక ప్లగిన్లు ఆ లెక్కలోకి రావు.

మాడ్ వేసిన ఆట పాడయ్యేది రెండు చోట్ల. స్క్రిప్ట్‌లున్న మాడ్‌ని ఆట మధ్యలో తీసేస్తే దాని జాడ సేవ్ ఫైల్‌లో మిగిలిపోతుంది. ముప్పై గంటల తర్వాత ఏదో క్వెస్ట్ ఆగిపోతే కారణం కూడా దొరకదు. అందుకే స్క్రిప్ట్ మాడ్లు కొత్త ఆట మొదట్లోనే వేయాలి, మధ్యలో తీయకూడదు. రెండోది గేమ్ అప్‌డేట్. స్కైరిమ్ స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే టూల్ గేమ్ ఫైల్ వెర్షన్‌కి ముడిపడి ఉంటుంది. 2021 నవంబర్‌లో అప్‌డేట్ వచ్చినప్పుడు దాని మీద ఆధారపడ్డ మాడ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. స్టీమ్‌లో అప్‌డేట్‌ని "తెరిచినప్పుడు మాత్రమే" అని పెట్టి, ఎప్పుడూ మాడ్ మేనేజర్ నుంచే తెరవాలి. జీఓజీ గెలాక్సీలో పాత వెర్షన్‌కి వెనక్కి పోయే వీలు ఉంటుంది.

మాడ్లు సర్దడానికి ఒక సాయంత్రం చాలు. అంతకు మించితే గేమ్‌ని బాగుచేసుకోవడం దాటి వేరే గేమ్ కోసం వెతుక్కుంటున్నారని అర్థం. ఆ వేరే గేమ్‌నే కొనుక్కోండి.

ఆగడమా, పూర్తిచేయడమా

ప్యాచ్‌లు బగ్‌లని, లోడింగ్‌ని, మెనూలని, యుద్ధపు సమతూకాన్ని బాగుచేస్తాయి. విచర్ మొదటి భాగం 2007లో నత్తనడక లోడింగ్‌తో వచ్చింది. 2008లో ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ ఆ లోడింగ్‌తోపాటు సంభాషణల్నీ సరిచేసింది, పాతవాళ్లకి ఉచితంగా అందింది. విచర్ 3లో హీరో గెరాల్ట్ కదలికలు బరువుగా ఉన్నాయన్న ఫిర్యాదుకి 1.07 ప్యాచ్‌లో ప్రత్యామ్నాయ కదలిక వచ్చింది. బాల్డర్స్ గేట్ 3 ముగింపు హఠాత్తుగా ఉందన్నవాళ్లకి 2023 చివర్లో ఐదో ప్యాచ్ ఎపిలోగ్ (ముగింపు తర్వాతి ఘట్టం) ఇచ్చింది. అలాగని అన్నీ బాగుపడవు. 2015లో వచ్చిన స్వోర్డ్ కోస్ట్ లెజెండ్స్‌ని 2017 చివర్లో అమ్మకం నుంచే తీసేశారు. గేమ్ బయటికొచ్చిన మొదటి మూడు నెలల్లో ప్యాచ్ నోట్స్ చదవండి. అందులో మీరు రాసుకున్న జబ్బు ప్రస్తావన ఉంటే ఆగొచ్చు. ఎక్కడా లేకపోతే ఆశ పెట్టుకోవద్దు. కథ, పాత్రలు, మ్యాప్ మారతాయని ఎదురుచూడటం దండగ.

ఇప్పటికే నలభై గంటలు పెట్టాం కదా అని లాగించేవాళ్లకి మా మాట సూటిగా ఇదీ: లెక్కలోకి రావాల్సింది ఇంకా పెట్టాల్సిన గంటలే. చివరి అంకంలో ఉంటే డిఫికల్టీని అన్నిటికంటే కిందకి దించి అసలు కథని మాత్రం ముగించేయండి. ముగింపు చూసిన తృప్తి దక్కుతుంది. సగంలో ఉండి మూడు సిట్టింగ్‌లుగా ఒక్క మంచి క్షణం కూడా లేకపోతే ఆపేయండి.

తర్వాత ఏది

మొదట రాసుకున్న కాగితమే దీనికి పనికొస్తుంది. యుద్ధం ఒక్కటే బాగుండి మిగతాదంతా విసిగించిందా? సొలాస్టా చూడండి. కథ పలచన, కానీ టర్న్ బేస్డ్ పోరాటం, ఎత్తుపల్లాలు, వెలుగు చీకట్ల వాడకం చక్కగా ఉంటాయి. తీసుకున్న నిర్ణయాలకి ఫలితం లేదనిపించిందా? టిరనీ ఆడండి, చిన్నది, ముగింపు కొంచెం హడావిడిగా ఉన్నా ప్రతి పక్షానికీ బరువుంటుంది. మ్యాప్ నిండా గుర్తులు చూసి విసుగెత్తితే మారోవిండ్ లేదా గోథిక్ 2, రెండూ 2002వే. మారోవిండ్‌లో దారి మాటల్లో చెబుతారు, వెతుక్కోవాలి. మొదటి పది లెవెల్స్‌లో కత్తి దెబ్బలు చాలా తప్పుతాయి, అలసిపోయి కొడితే ఇంకా ఎక్కువ, కాబట్టి ఫటీగ్ పట్టీ నిండుగా ఉంచుకుని కొట్టాలి. తోడు పాత్రలు బొమ్మల్లా అనిపిస్తే బాల్డర్స్ గేట్ 3. వంద గంటల గేమ్‌లో దెబ్బతిన్న వెంటనే ఇంకో వంద గంటలది మొదలుపెట్టకండి, మధ్యలో ఇరవై ముప్పై గంటల్లో ముగిసేది ఒకటి ఆడండి.

పక్కన పెట్టే గేమ్‌ని తీసేసేముందు సేవ్ ఫైళ్లు ఎక్కడున్నాయో చూడండి. కొత్తవాటిలో ఎక్కువగా డాక్యుమెంట్స్‌లోనో, యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటాలోనో ఉంటాయి. పాత గేమ్‌లు ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లోనే దాస్తాయి, గేమ్ తీసేస్తే అవీ పోవచ్చు. 2001 నాటి పూల్ ఆఫ్ రేడియన్స్: రూయిన్స్ ఆఫ్ మిత్ డ్రానర్ తొలి వెర్షన్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే విండోస్ ఫైళ్లే పోయే ప్రమాదం ఉండేది. క్లౌడ్ ఉన్నా చివరి రెండు సేవ్‌లని వేరే చోటికి కాపీ చేసి, పక్కన ఒక టెక్స్ట్ ఫైల్‌లో నాలుగు ముక్కలు రాయండి: ఏ క్వెస్ట్ మధ్యలో ఉన్నారు, పార్టీలో ఎవరెవరు ఏ పని చేస్తారు, ఏ కీకి ఏ స్కిల్ పెట్టారు, ఏ మాడ్లు ఏ వెర్షన్లు. ఏడాది తర్వాత తెరిచినప్పుడు నేరుగా ఆ క్వెస్ట్‌లోకి దూకకుండా, దగ్గర్లో బలహీనమైన శత్రువులున్న చోటు చూసుకుని రెండు చిన్న యుద్ధాలు చేయండి. చేతికి కీలు గుర్తొచ్చాక జర్నల్ తెరవండి.